అక్క ముట్టుకోని డబ్బు

రెండేళ్ల కిందట అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించాం. ఆరోగ్య బీమా ఉంది గానీ తీసుకుని ఏడాదే అయింది. మోకాలి మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ ఇంకా పూర్తి కాలేదన్నారు. నాన్న తన రిటైర్మెంట్ డబ్బుతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి గడువు తీరకుండానే తీసేశారు. ఆ రాత్రి డల్లాస్ నుంచి అక్క ఫోన్ చేసింది. "వైద్యానికని దాచిన డబ్బే నా దగ్గర పన్నెండు వేల డాలర్లు ఉందే. కానీ అందులోంచి అమ్మ కోసం తీయడానికి లేదు" అంది. నాకు ఒళ్లు మండింది. డబ్బేమో వైద్యానికి దాచింది, అమ్మకు కావలసింది వైద్యమే, మరి మధ్యలో ఈ "లేదు" ఏమిటి?

వారం తిరక్కుండానే అక్క తన జీతంలోంచి పంపిందనుకోండి. అయినా ఆ మాట నాలో ఉండిపోయింది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను. మన పిల్లల ఇళ్లలో చాలామందికి బాబాయో అత్తయ్యో అమెరికాలో ఉంటారు కాబట్టి నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

దాని పేరు హెల్త్ సేవింగ్స్ అకౌంట్, వాడుకలో హెచ్ఎస్ఏ. 2003లో చేసిన చట్టంతో 2004 నుంచి అమల్లోకి వచ్చింది. డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న బీమా తీసుకున్నవాళ్లే ఇందులో డబ్బు వేసుకోవచ్చు. డిడక్టిబుల్ అంటే బీమా కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం సొంతంగా భరించాల్సిన ఖర్చు. 2026లో అది ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికైతే 3,400 ఉండాలి. ఏటా చేయించుకునే చెకప్‌కీ టీకాలకీ ఈ మెలిక లేదు. ఏడాదికి ఒక్కరైతే 4,400, కుటుంబమైతే 8,750 డాలర్ల వరకు వేసుకోవచ్చు. 55 దాటినవాళ్లు ఇంకో వెయ్యి కలుపుకోవచ్చు. మిగిలింది వచ్చే ఏడాదికి వెళ్తుంది, ఉద్యోగం మారినా మనతోనే వస్తుంది.

వేసేటప్పుడు పన్ను లేదు, పెరిగేటప్పుడు లేదు, వైద్యానికి తీసేటప్పుడూ లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీలు మాత్రం రాష్ట్ర పన్ను విషయంలో ఈ రాయితీని ఒప్పుకోవు. మనవాళ్లు కిక్కిరిసి ఉన్న చోట్లలో ఆ రెండూ ఉండటం వాళ్ల ఖర్మ!

ఆ ఖాతాకు ఒక కార్డు ఇస్తారు. మందుల షాపులో దాన్ని గీకి ఎప్పటికప్పుడు ఖర్చు పెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారట. అక్క గీకదు. చిన్న బిల్లులు జీతంలోంచి కట్టి, ఖాతాలోది మ్యూచువల్ ఫండ్లలో పెట్టి వదిలేస్తుంది. రసీదు దాచుకుంటుంది. ఖాతా తెరిచిన తర్వాతి ఖర్చయితే, దానికి బీమా నుంచి డబ్బు రాకపోయి ఉంటే, ఇరవై ఏళ్ల తర్వాతైనా ఆ రసీదు మీద అంత డబ్బూ పన్ను లేకుండా తీసుకోవచ్చు. గడువు లేదు.

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పేటప్పుడు ఈ ఏడాది ఇదే లెక్క ఇచ్చాను. పన్ను డాక్టరుకు (నోట్లో పన్నే లెండి, సర్కారు పన్ను కాదు) 200 డాలర్ల బిల్లు. ఆ 200 ఖాతాలోంచి తీయకుండా ఏటా 6 శాతం చొప్పున 30 ఏళ్లు పెరగనిస్తే ఎంత? దాదాపు 1,149 డాలర్లు. ఏటా 3,000 చొప్పున 30 ఏళ్లు వేస్తే? వేసింది 90,000, అయ్యేది సుమారు 2,37,000. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేడమ్, అప్పటికి పన్ను డాక్టరు ఫీజు కూడా పెరుగుతుంది కదా?" అన్నాడు. వాడికి ఆ యూనిట్ టెస్టులో ఎనిమిది మార్కులొచ్చాయి గానీ, ఆ రోజు క్లాసులో సరైన ప్రశ్న వాడిదే. ఫీజులు పెరుగుతాయి కాబట్టే డబ్బు ఊరికే కూర్చోకూడదంటుంది అక్క. 6 శాతం అన్నది నేను లెక్క కోసం అనుకున్నదే. ఫండ్లు పడతాయి కూడా, 2020 మార్చిలో పడ్డట్టు.

65 ఏళ్లు నిండాక వైద్యం కాని ఖర్చుకు తీసినా మామూలు ఆదాయపు పన్ను కడితే చాలు, జరిమానా ఉండదు. అంతకు ముందు తీస్తే పన్నుతో పాటు 20 శాతం జరిమానా. అందుకే దీన్ని రిటైర్మెంట్ ఖాతాలా వాడుకునేవాళ్లున్నారు. మెడికేర్‌లో చేరాక మాత్రం కొత్తగా డబ్బు వేయకూడదు.

ఇక అమ్మ సంగతి. ఆ డబ్బు ఖాతాదారుకీ, భార్యకో భర్తకో, పన్ను లెక్కల్లో వాళ్ల మీద ఆధారపడినవాళ్లకీ మాత్రమే. అమెరికా పౌరులు కాకుండా ఇండియాలో ఉండే అమ్మానాన్నలు ఆ లెక్కలోకి రారు. నాన్నకు నెలనెలా డబ్బు పంపేది అక్కే అయినా సరే. తమాషా ఏమిటంటే, అక్క గుంటూరు వచ్చి తన పంటికి రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ బిల్లు చెల్లుతుంది!

అక్క ఇంకోటి కూడా చెప్పింది, కాస్త గొంతు తగ్గించి. ఖాతా తెరిచిన మొదటి ఏడాది కడుపులో నొప్పి వస్తే, డిడక్టిబుల్ గుర్తొచ్చి మూడు వారాలు డాక్టరు దగ్గరికి వెళ్లలేదట. చివరికి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తి పిత్తాశయం తీయించుకుంది. అప్పటిదాకా వేసిందంతా ఒక్క బిల్లుకు ఖాళీ. ఆ సంగతి అమ్మకు ఇప్పటికీ తెలియదు. (అమ్మకు ఈ పత్రిక చదివే అలవాటు లేదు.) అప్పటి నుంచి డిడక్టిబుల్ అంత సొమ్ము ముందు నగదుగా ఉంచి, ఆపై దాన్నే ఫండ్లలో పెడుతోంది. తరచూ మందులు వాడేవాళ్లకు, కాన్పు దగ్గర్లో ఉన్నవాళ్లకు మామూలు బీమాయే మేలని తన అభిప్రాయం. నాకూ అదే అనిపించింది. నొప్పిని వాయిదా వేయించే పొదుపు నాకు నచ్చదు.

మన దగ్గర ఇలాంటి ఖాతా లేదు. పాత పన్ను విధానంలో ఆరోగ్య బీమా ప్రీమియానికి 25,000 వరకు, 60 దాటిన తల్లిదండ్రుల కోసం 50,000 వరకు మినహాయింపు ఉంది, అంతే. కాబట్టి నేనే ఒకటి కల్పించుకున్నాను. పోస్టాఫీసులో పీపీఎఫ్ తెరిచి, ఏటా ఏప్రిల్ 5 లోపు 24,000 వేస్తున్నాను. 5 దాటితే ఆ నెల వడ్డీ రాదు. ఇప్పుడున్న 7.1 శాతమే సాగితే పదిహేనేళ్లకు ఆరున్నర లక్షలవుతుంది. ఏడో ఏడాది నుంచి కొంత తీసుకోవచ్చు. అమ్మ దానికి "మోకాలి ఖాతా" అని పేరు పెట్టింది. పాలసీని మాత్రం వదల్లేదు, అమ్మకు రెండో మోకాలు ఉంది కదా.

మొన్న ఆదివారం అక్క మళ్లీ ఫోన్ చేసింది, గుంటూరు రూట్ కెనాల్ రసీదు ఇక్కడే మర్చిపోయానని. ఇల్లంతా వెతికాం. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పంచాంగం మధ్య పెట్టింది. అక్షరాలు అప్పుడే సగం వెలిసిపోయాయి. కిటికీ దగ్గర వెలుతురులో ఫోటో తీసి పంపాను. అంకెలు కనిపిస్తున్నాయంది.