చెంబూ, రెండు నిమ్మకాయలూ

బాపట్ల నుంచి రేపల్లెకు రైల్లో పోవాలంటే తెనాలిలో బండి మారాలి. బస్సులో పోతే హాయి కదా అంటారు మిత్రులు. నిజమే. కాని తెనాలి నుంచి రేపల్లె దాకా ఉన్న ఆ 34 కిలోమీటర్లూ చిన్నప్పటి నుంచి నాకు కంఠతా వచ్చిన దారి. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన - రెండు వైపులా పచ్చని పొలాలు.

ఈసారి వెళ్ళింది మాత్రం సరదాకు కాదు. అమ్మ పోయి ఏడాదైంది. రేపల్లెలో ఇల్లు అమ్మేశాం. సామాను తీయించాలి.

తెనాలిలో బండికి ఇంకా గంట టైముంది. బల్ల మీద కూర్చుని సంజీవదేవ్‌గారి 'తెగిన జ్ఞాపకాలు' తీశాను. ఆయన వూరు తుమ్మపూడి అక్కడికి ఎంతో దూరం లేదు. కులూ లోయలో రోరిక్ వద్ద ఉండి వచ్చి, ఆ పల్లెలో కూర్చునే ప్రపంచ చిత్రకళను తెలుగువారికి విప్పి చెప్పిన మనిషి (1914-1999). పుస్తకం చేతిలో ఉండగానే, ఎందుకో, మా డ్రాయింగు మేష్టారు జ్ఞాపకం వచ్చారు.

ఆయన బల్ల మీద ఒక చెంబూ, రెండు నిమ్మకాయలూ పెట్టి, "చూచి వెయ్యండిరా" అనేవారు. మాకు ఒళ్ళుమంట. రాముడు కాదు, సినిమాతార కాదు, చెంబేమిటి? ఫ్రెంచివాళ్ళు ఈ రకం బొమ్మలను 'చచ్చిన ప్రకృతి' అంటారని తరువాత చదివి, సరిగ్గానే అన్నారనుకున్నాను. ఆ ఫ్రెంచివాళ్ళలోనే 18వ శతాబ్దంలో షార్దేన్ వంటింటి రాగిగిన్నెలు వేశాడనీ, ఆ తరువాత సెజాన్ ఆపిల్ పళ్ళతో కుస్తీ పట్టాడనీ తెలిసినా నా మనసు మారలేదు.

రేపల్లెలో మా చెల్లెలు ఇత్తడి సామానంతా వసారాలో కుప్ప పోసింది. తూకానికి మనిషి సాయంత్రం వస్తాడట. అమ్మ మంచినీళ్ళ చెంబు వంటింటి కిటికీలో ఉండిపోయింది. పక్కన, పెరటి చెట్టువే, రెండు నిమ్మకాయలు. పడమటి ఎండ వాటి మీద పడుతూంది.

సంచిలోంచి కాగితం, పెన్సిలు తీశాను.

చెంబు మూతి కోడిగుడ్డులా వేయాలి. అడుగు వంపు దానికంటే గుండ్రంగా రావాలి, అది కంటికి ఇంకా కిందగా ఉంది కనుక. మేష్టారు చెప్పిందే. ఇత్తడి పసుపు అనుకుంటాం గాని, తీరా చూస్తే దానిలో కిటికీ ఉంది, ఆకాశం ఉంది, నిమ్మకాయల నీడ ఉంది. కడుపు దగ్గర గీత రెండుసార్లు తప్పింది. అప్పుడు కనిపించింది సొట్ట. ఎనిమిదేళ్ళప్పుడు నూతి పళ్ళెం మీద జారవిడిచింది నేనే. అమ్మ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళూ ఆ చెంబుతో నీళ్ళు తాగాను గాని, చెంబును చూడలేదు.

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం స్వభావోక్తి. దండి అలంకారాల్లో దాన్నే మొదట పెట్టాడు. ఏటేటా క్లాసులో చెబుతూనే ఉన్నాను. ఆ మాటకు అర్థం ఆ కిటికీ దగ్గర తెలిసింది.

"అన్నయ్యా, అది కూడా తూకానికేనా?" అంది చెల్లెలు.

"కాస్త ఆగమ్మా, ఇంకా పూర్తి కాలేదు" అన్నాను.

బొమ్మ బాగా రాలేదు. చెంబు మాత్రం నాతో బాపట్ల వచ్చింది.