కడియంలో బుల్లి మొక్కలు కొంటున్నారా?

రాజమండ్రి వెళ్ళినవాళ్ళు గోదావరి స్నానం అయ్యాక కడియం తోటలు చూడకుండా తిరిగిరారు. ఊరు దాటి హైవే మీద ఓ 10 కిలోమీటర్లు వెళితే చాలు. వేమగిరి, కడియపులంక, బుర్రిలంక... ఎటు చూసినా నర్సరీలే! నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అయితే ఎండ బాధ లేకుండా తీరిగ్గా తిరగవచ్చు.

గులాబీలు, మామిడి అంట్లు సరే, ఫ్లాట్లలో ఉండే గృహిణుల చూపంతా అరచేతిలో ఇమిడే బుల్లి కుండీల మీదే. దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే ఈ మొక్కల్ని సక్యులెంట్స్ అంటారు. మన పెరటి కలబంద, రణపాల కూడా ఈ కోవవే. "ఇదేం మొక్క బాబూ?" అంటే చాలాచోట్ల "సక్యులెంటండీ" అన్న జవాబే వస్తుంది. కానీ ఒక్కోదాని పుట్టిల్లు వేరు, తీరు వేరు. అన్నిటినీ ఒకేలా చూస్తే కొన్ని కుళ్ళిపోతాయి. అందుకే కొనేముందే ఆకు చూసి పోల్చుకోండి.

హవర్తియా: ముదురాకుపచ్చ ఆకుల మీద తెల్లటి చారలు, బొడిపెలు ఉంటాయి. దక్షిణాఫ్రికాలో పొదల నీడన పెరిగే మొక్క. ఎండ నేరుగా పడని కిటికీ చాలు.

ఎచివేరియా: విచ్చుకున్న తామరలా ఉంటుంది. ఆకుల మీది బూడిద లాంటి పొడి దుమ్ము కాదు, దానికి రక్ష. తుడవకండి. మెక్సికో కొండ ప్రాంతాల మొక్క కనుక మన కోస్తా ఉక్కపోత దీనికి పడదు. కొత్తగా పెంచేవారు దీనితో మొదలుపెట్టకపోవడమే మేలు.

జేడ్: ఆకు చిన్నగా గంగవాయిలి కూర ఆకులా, కాడ ఎర్రగా ఉంటే అది అసలు జేడ్ కాదు, పోర్టులకేరియా. అయినా నిరాశపడకండి, మన ఎండను తట్టుకునేది ఇదే! కొమ్మ గుచ్చితే బతుకుతుంది. అసలు జేడ్‌కి ఆకు పెద్దది, కాండం లావు.

యుఫోర్బియా: ముళ్ళ కొమ్మల మీద ఎర్రటి, గులాబీ రంగు పూలు. గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి మంట, కంటికి ప్రమాదం. పిల్లలకు అందనంత దూరంలో పెట్టండి. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కంట్లో పడితే మంచినీళ్ళతో బాగా కడిగి వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇంటికి తెచ్చాక...

* నర్సరీ కుండీలో కొబ్బరిపొట్టు ఉంటే తడి చాలాకాలం నిలుస్తుంది. వారం, పదిరోజులాగి మార్చండి. తోటమట్టి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు సమపాళ్ళలో కలపండి. ఒండ్రుమట్టి వద్దు. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి.

* రోజూ నీళ్ళు పోయకూడదు. వేలు గుచ్చి చూసి, లోపల పూర్తిగా ఆరాకే అడుగు నుంచి కారేదాకా పోయండి. పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. వానాకాలంలో చూరు కిందికి మార్చండి.

* ఆకు ముడతలు పడితే దాహం. పసుపుపచ్చగా మెత్తబడితే నీళ్ళెక్కువైనట్టు.

* తెల్లటి పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

అన్నట్టు, పేరు తెలియగానే ఓ చీటీ మీద రాసి కుండీకి అంటించండి. రేపు పక్కింటి వదినగారు హవర్తియా పిలక అడిగితే, మొక్కతోపాటు పేరూ ఇచ్చి పంపవచ్చు!