పెట్టె బయట, సంచి లోపల

మొన్న సాయంత్రం టీ దగ్గర మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. "అన్నా, బండికి అల్యూమినియం పెట్టెలు బిగించా. లోపలికి మళ్ళీ సంచులు కొనమంటున్నారు అందరూ. పెట్టె ఉండగా సంచి దేనికి? దండగ కాదూ?"

రెండు ముక్కల్లో చెప్పేసి సీటుకి వెళ్ళిపోవాల్సింది. నలభై నిమిషాలు చెప్పాను. పాపం వాడికి మీటింగు కూడా పోయింది :) ఏం చెయ్యను, ఈ సంచుల విషయంలో నేను చేసిన తప్పు డబ్బుల్లో లెక్క తేలేది కాదు. వాడికి చెప్పిందీ, చెప్పకుండా దాటేసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ గోల తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. దూరాలు తిరిగే బైకులకి వెనక చక్రం ఇటూ అటూ గట్టి పెట్టెలు బిగిస్తారు, పానియర్లంటారు వాటిని. 1978లో ఇటలీలో జుసెప్పె విసెంజీ అనే బైకు రేసర్ మొదలుపెట్టిన గివి లాంటి కంపెనీలు ఇలాంటి పెట్టెలతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ పెట్టెలో, దాని ఆకారానికే కుట్టి పెట్టే సంచి పేరు లైనర్ బ్యాగు. ఊరు చేరాక పెట్టెని బండికే వదిలేసి, సంచి మాత్రం పిడి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోవాలి. అంతే దాని ఉద్యోగం.

మా ఊరు గిద్దలూరు దగ్గర. హైదరాబాద్ నుంచి నేను వెళ్ళే దారి కల్వకుర్తి, డిండి, మన్ననూరు, ఆ తర్వాత నల్లమల. శ్రీశైలం డ్యామ్ కింద కృష్ణ దాటి, దోర్నాలలో దిగి, మార్కాపురం, కంభం మీదుగా ఇంటికి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుదాకా అడవిలోకి బళ్ళని వదలరు కాబట్టి, గేటు తీసే వేళకి మన్ననూరులో ఉండేట్టు చీకట్లోనే బయల్దేరతాను. ఘాట్లో ఎక్కడ ఆగినా కోతులు. గుడ్డ బ్యాగైతే జిప్పు లాగి అరటిపళ్ళతోపాటు ఛార్జరు కూడా ఎత్తుకుపోతాయి. కాబట్టి తాళం వేసే పెట్టె ఉండాల్సిందే, దానిమీద నాకు వాదన లేదు.

గొడవంతా ఇల్లు చేరాకే. 2021లో కొన్న హిమాలయన్ 411 మీద మొదటిసారి సంచుల్లేకుండా వెళ్ళా. రంగు వెయ్యని అల్యూమినియం గోడలకి బట్టలు దారంతా రాసుకుంటే నల్లటి పొడి దిగుతుందని అప్పుడే తెలిసింది. నాన్నకి తీసుకెళ్ళిన తెల్లచొక్కా చూసి అమ్మ, "ఏందిరా ఇది, పలక తుడిచినట్టుంది" అంది. మార్కాపురం దాపుల పెరిగినవాడికి ఆ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ ఊరి బళ్ళో పలక పట్టుకున్నా మా వైపు రాయేనని గొప్పలు చెప్పుకుంటూ, అదే పలకని మోచేత్తో తుడిచి తన్నులు తిన్న బాపతు మనం.

పైగా వీధిలో నిలబడి ఒక్కో వస్తువూ బయటికి తియ్యాలి. పెట్టెనే విప్పి తీసుకెళ్దామంటే దాని అడుగున మూడు మండలాల మట్టి. అమ్మ పొద్దున్నే వేసిన ముగ్గు మీద దాన్ని దించాక ఇక నాకు ఆ ఇంట్లో విలువేముంటుంది?

సరే, సంచులు కొనాలని తీర్మానం. ఇంజనీరు బుద్ధి కదా, ఎక్సెల్ షీటు తెరిచా. లీటర్లు, గుడ్డ మందం, జిప్పు, కుట్టు, ధర... మొత్తం పదకొండు కాలమ్‌లు. గుడ్డ మందానికి డినియర్ అనే లెక్క చూస్తారు. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డినియర్లు. 600 కంటే 1680 గొప్ప కదా అని అదే ఆర్డరిచ్చా. నల్లరంగు, చుక్క నీరు దూరదు, మూతిని చుట్టలా చుట్టి బిగించేది, "అన్ని పెట్టెలకీ సరిపోతుంది" అని రాసున్నది. నా షీటులో అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే. ఒక్క కాలమ్ మాత్రం పెట్టుకోలేదు. ఇందులో నేను ఏం మోస్తాను అన్నది.

అసలు విషయానికొస్తున్నా. అమ్మకి షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. గిద్దలూరు మందుల షాపుల్లో దొరుకుతుంది. కానీ హైదరాబాద్‌లో డిస్కౌంటు ఉంది కదా, ఒకేసారి మూడు నెలలవి నేనే తెస్తానని ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నా. నిజం చెప్పాలంటే, నెలకోసారి కూడా వెళ్ళలేని కొడుక్కి అదొక తృప్తి.

2023 మే నెల. కార్ట్రిడ్జుల్ని నీళ్ళలో నానబెట్టే చల్లసంచిలో పెట్టి, దాన్ని నా గొప్ప వాటర్‌ప్రూఫ్ సంచిలో దోపి, మూతి మూడు చుట్లు చుట్టి బిగించా. కుడివైపు పెట్టెలో పెట్టా. దాని పక్కనే సైలెన్సరు. మార్కాపురంలో ఫ్రెండు పెళ్ళి ఉంటే ఆగా. కల్యాణమండపం ముందు బండి దాదాపు మూడు గంటలు ఎండలో ఉంది. ఇల్లు చేరాక తీసి చూస్తే చల్లసంచి ఇంకా తడిగానే ఉంది. "ఆహా, పనిచేసింది" అనుకుని ఫ్రిజ్‌లో పెట్టేశా.

తడిగా ఉన్నంత మాత్రాన అది పనిచేసినట్టు కాదు! నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతేనే కదా చల్లబడేది. కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో బళ్ళో చదువుకున్నాం. కుండని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కడితే చల్లబడవని విడిగా ఎవరూ చెప్పరు. అంత చదువు చదివి నేను చేసిన పని సరిగ్గా అదే. నీళ్ళు లోపలికి రాకూడదని కొన్న సంచి ఆవిరిని బయటికి పోనివ్వలేదు.

జూన్లో అమ్మ షుగరు ఎంతకీ దిగలేదు. పరగడుపున మూడొందలు దాటుతోంది. మామిడిపళ్ళ కాలం. నేను ఫోన్లో ఏమన్నానో ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది. "నీకు నోరు కట్టుకోవడం రాదమ్మా, ఇంత ఖర్చుపెట్టి మందులు తెస్తే ఏం లాభం?" అన్నా. "ఒక్క ముక్కే తిన్నానురా, అదీ మీ నాన్న కోసుకుంటుంటే" అంది. నేను నమ్మలేదు. మర్నాటినుంచి మామిడిపండు మానేసింది. అన్నం కూడా సగం తగ్గించిందని తర్వాతెప్పుడో నాన్న చెప్పారు. అయినా అంకె కదల్లేదు.

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఆహారం సంగతి అడగనే లేదు. "ఇన్సులిన్ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారు? ఎలా వచ్చింది?" అనడిగారు. వాడకం మొదలుపెట్టనివి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నవి కూడా చాలా రకాలు ముప్పై డిగ్రీల లోపే, అదీ నాలుగు వారాల వరకే. మరి మే నెల మార్కాపురం ఎండలో, మూసిన లోహపు పెట్టెలో? అవన్నీ పారేయించి అక్కడి షాపు ఫ్రిజ్‌లోవి రాసిచ్చారు. పది రోజుల్లో అంకెలు దారికొచ్చాయి. నా సంచే కారణమని పరీక్షచేసి ఎవరూ తేల్చలేదు. నాకు తేల్చక్కర్లేదు కూడా.

ఫోన్ చేసి "తప్పు నాదేనమ్మా" అన్నా. "పోనీలేరా, నీకేం తెలుసు" అంది. ఆరేళ్ళ ఉద్యోగానుభవం ఉన్నవాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

ఇహ మా కుర్రాడికి చెప్పిన సలహాలు, వరసగా:

ఒకటి, ఆకారం. చాలా బళ్ళకి రెండు పెట్టెలూ ఒకటి కావు. సైలెన్సరు వైపు పెట్టెకి చోటు కోసుకుపోయి ఉంటుంది. అన్నిటికీ సరిపోయే సంచి అంటే దేనికీ సరిపోనిదని అర్థం. పెట్టె లోపలి గోడలకి న్యూస్‌పేపర్ ఆనించి మడతపెట్టి కొలత తీసుకోండి. పైకి తెరుచుకునే పెట్టెకి పైన తెరుచుకునే సంచి, సూట్‌కేసులా పక్కకి తెరుచుకునేదానికి పక్కన జిప్పున్న సంచి.

రెండు, నీళ్ళు. పెట్టె మూతికి రబ్బరు బాగుంటే సంచి వాటర్‌ప్రూఫ్ కానక్కర్లేదు. పైగా తడిసిన బట్టలు అందులో పెడితే మగ్గి కంపు కొడతాయి. పాత పెట్టె కారుతుంటే మాత్రం, గుడ్డ ఒక్కటే నీళ్ళాపితే చాలదు. సూది పడ్డ ప్రతి కన్నంలోంచీ నీరు దూరుతుంది. కుట్ల మీద లోపల టేపు వేశారో లేదో చూడండి. కాగితాల వరకు విడిగా ఒక చిన్న కవరు చాలు.

మూడు, రంగు. లోపలి గుడ్డ లేతరంగుదై ఉండాలి. కరెంటు పోయిన ఇంట్లో నల్లసంచిలో నల్ల ఛార్జరు వెతికినవాడికి తెలుస్తుంది ఈ బాధ.

నాలుగు, పిడి. పైన అతికించి కుట్టింది కాదు, అడుగునుంచి చుట్టూ తిరిగొచ్చే పట్టీ ఉండాలి. బరువంతా దానిమీదే. చాలా పెట్టెలకి కంపెనీవాళ్ళు చెప్పే పరిమితి పక్కకి పది కిలోల చుట్టుపక్కలే. రెండువైపులా సమానంగా సర్దుకోండి, లేకపోతే ఘాట్ మలుపుల్లో బండి మీ మాట వినదు.

అయిదు, వేడి. మందులు సైలెన్సరు వైపు పెట్టొద్దు. వేడిని ఆపే డబ్బాలో, గడ్డకట్టిన జెల్ ప్యాకెట్లకీ మందుకీ మధ్య మందపాటి గుడ్డ చుట్టి తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ గడ్డకట్టినా పాడే. ఎండలో బండి ఆపితే ఆ డబ్బా మీతోపాటు లోపలికి రావాలి, పెళ్ళైనా సరే.

ఇప్పుడు నేను వాడుతున్న సంచులు కొన్నవి కావు. మార్కాపురంలో సీటు కవర్లూ స్కూలు బ్యాగులూ కుట్టే ఒక పెద్దాయన కుట్టారు. నా న్యూస్‌పేపర్ కొలతలు అటూ ఇటూ తిప్పి చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో ఏం పెడతావు బాబూ?" నా షీటులో లేని కాలమ్ ఆయన నోట వచ్చింది. చెప్పాను. విని, అడుగుకి బరకం ముక్క వేస్తానన్నారు, టార్పాలిన్ని మా వైపు బరకం అంటాం. లోపల పసుపుపచ్చ గుడ్డ. పైన ఒక మడత దాచి జిప్పు పెట్టారు, తెరిస్తే సంచి బెత్తెడు పెరుగుతుంది. "వచ్చేటప్పుడు సగమే ఉంటాది. పోయేటప్పుడు అమ్మ నింపుతాది గదా" అన్నారు. రెండూ కలిపి పన్నెండు వందలు. నేను పారేసిన ఇన్సులిన్ ఖరీదు కంటే తక్కువ.

ఇన్సులిన్ ఇప్పుడు నేను మోయను. గిద్దలూరులో ఫ్రిజ్ ఉన్న షాపులో నాన్నే నెలనెలా కొంటున్నారు. డిస్కౌంటు పోయింది. కొడుకు మందులు తెచ్చాడనే తృప్తి కూడా పోయింది, అది పోవడమే మంచిదైంది.

సంచులు మాత్రం తిరుగు ప్రయాణంలో పెద్దాయన చెప్పినట్టే నిండుతాయి. అమ్మే కూర్చుని సర్దుతుంది. అడుగున కందిపప్పు, మీద పచ్చడి సీసాలు, సందుల్లో బట్టలు. పోయిన వేసవిలో ఆ బెత్తెడు మడత కూడా తెరిచి మామిడిపళ్ళు పెట్టింది. "ఇంట్లోకి ఉంచుకోమ్మా, డాక్టరు ఒక ముక్క తినొచ్చన్నారు కదా" అన్నా.

"నాకెందుకులేరా, అలవాటు పోయింది. నువ్వు తిను" అని జిప్పు లాగేసింది.