మధ్యలో లేచిపోరాదు

బెంగుళూరులో ముప్పది ఎనిమిదేండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా చదువు పదవ తరగతితో ముగిసినది. అట్టి నేను కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చి వ్రాయుట సాహసమే; పాఠకులు మన్నింతురు గాక.

మా అబ్బాయి ‘గో’ అను భాషలో ప్రోగ్రాములు వ్రాయును. ఒకనాటి రాత్రి వాడేదో దీక్షగా వ్రాయుచుండగా అదేమని అడిగితిని. "లింటరుకు ఒక నియమము, నాన్నగారూ" అనెను. బట్టకంటిన నూలుపీచును ఇంగ్లీషులో ‘లింట్’ అందురు. 1978లో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ అను నాతడు సీ భాషా ప్రోగ్రాములలోని అట్టి పీచును ఏరుటకు ఒక సాధనము చేసి దానికాపేరే పెట్టెను. ప్రోగ్రామును నడపకయే, దాని వ్రాతను చదివి, అనుమానింపదగిన చోట్లను అది చూపును.

అబ్బాయి నియమము పట్టునది అర్ధాంతరపు ముగింపును. గో భాషలో ‘ఓఎస్ ఎగ్జిట్’ అన్నంతనే ప్రోగ్రాము ఆగిపోవును. ముగింపున చేయవలెనని ‘డిఫర్’ అను మాటతో ముందుగా వ్రాసియుంచిన పనులొక్కటియు జరుగవు. కావున ఆ ఆజ్ఞ ‘మెయిన్’ అను ప్రధాన భాగములోనే, అదియు అన్నియు సర్దిన పిదపనే, ఉండవలెను. తక్కిన భాగములు తప్పును పైకి నివేదింపవలెనే గాని తామే తలుపులు మూయరాదు. ‘లాగ్ ఫేటల్’ అను మరియొక ఆజ్ఞ కలదట. చూచుటకది చిట్టా వ్రాయునట్లుండును. వ్రాసి, వెంటనే తానును ఎగ్జిట్ చేయును. దానిని గూడ పట్టవలసి వచ్చెను.

వినుచుండగా నాకు 1989 నాటి ఒక దినము జ్ఞప్తికి వచ్చినది. పై అధికారి మాటకు కోపించి, మధ్యాహ్నము మూడు గంటలకే, నగదు చిట్టా కట్టక, ఎవరితోను చెప్పక ఇంటికి వచ్చితిని. సాయంకాలము నగదులో నూట నలుబది రూపాయలు తగ్గినవి. అవి చెల్లించినవే, రసీదు నా సొరుగులో నున్నది, పద్దు మాత్రము వ్రాయలేదు. నింద బంట్రోతుపై పడినది. మరునాడు రసీదు చూపితిని, లెక్క సరిపోయినది. ఆ రాత్రి అతని ఇంట ఎట్లు గడచెనో, దానిని సరిచేయు పద్దు ఏ పుస్తకములోను లేదు.

కోపము రాకూడదని అనను. చిట్టా కట్టి, తాళపుచెవి అప్పగించి, ‘ఇక నావల్ల కాద’ని పైవారితో చెప్పియే వెళ్లియుండవచ్చును గదా!

అబ్బాయి తన హెచ్చరికలో "ఇచ్చట ఎగ్జిట్ కూడదు" అని మాత్రమే వ్రాసెను. "కూడనిది చెప్పితివి, చేయవలసినది గూడ వ్రాయి, నాయనా" అంటిని. వాడొక క్షణమాలోచించి, "తప్పును పిలిచిన వారికి తిరిగి అప్పగింపుము" అని చేర్చెను.

ఆ మాట ఆనాడు నాకెవరైన చెప్పియుండిన బాగుండెడిది.