ఏ సత్రం మీది?

కొత్త ఊరికి పోతే ఆ ఊరి మనిషిలా తినాలంటారు. అక్కడోళ్లు పోయే హోటలుకే పోవాల, అక్కడోళ్లు తినేదే తినాల. బాగానే ఉంది. మరి సొంత జిల్లాలో, తాతముత్తాతల నుంచి ఉన్న ఊళ్లో, ఊరిమనిషిలా తినడానికి మేమేం చేయాల? ఈ ప్రశ్న మాలాంటోళ్లకే వస్తుంది.

మేం నంద్యాల, ఆళ్లగడ్డ పక్క దూదేకులోళ్లం. పత్తి పండే నేలలో దూది ఏకినోళ్లం, ఊరందరికీ పరుపులు కుట్టిచ్చినోళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా జేజికి ఉర్దూ ముక్క రాదు. నమాజు వచ్చినా రాకపోయినా పీర్లను నమ్మింది. ఆమె చేసిన ఓళిగలు ఉగాదికి ఏ రెడ్డిగారింట్లో చేసిన ఓళిగలకూ తీసిపోవు. పీర్ల పండక్కి చదివింపులిచ్చి మలీద తీసుకుపోయేటోళ్లలో సగంమందికి పైగా హిందువులే. సంగటి మాది, జొన్నరొట్టె మాది, గోంగూర మాది. ఈ నేల రుచుల్లో మాకు తెలియనిది లేదు.

నంద్యాలలో పొద్దున్నే ఉగ్గాని బండి దగ్గర నిలబడండి. బొరుగుల్ని నీళ్లలో నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపుతో తిరగమాత పెట్టి, పుట్నాలపొడి కలిపి కాగితంలో వేసిస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. అక్కడ నిలబడ్డ పదిమందిలో ఎవరు రెడ్డో, ఎవరు మాదిగో, ఎవరు కోమటో, ఎవరు సాయిబో తినే చేతులు చూసి చెప్పలేరు. అందరి చేతులకూ అంటేది ఒకే నూనె. పేరు అడగనంత సేపూ మేం నంద్యాలోళ్లమే.

నీడపట్టున కూర్చుని తినే చోటికి పోతే లెక్క మారుతుంది. మన హోటళ్ల బోర్డులు చదివితే కులాల పట్టీ చదివినట్టే. ఒకప్పుడు బ్రాహ్మణ భోజన హోటలని గొప్పగా రాసుకునేవాళ్లు. మిలిటరీ హోటలంటే మాంసం దొరుకుతుందని అర్థం. 786 అంకె, బిస్మిల్లా పేరు కనబడితే సాయిబులదని అర్థం. తెల్లోడి కాలంలో రైలుస్టేషన్లలో హిందువుల నీళ్లు వేరు, ముసల్మాన్ల నీళ్లు వేరు. బయట పల్లెల్లో మాలమాదిగలకు గ్లాసే వేరు. తెల్లోడు పోయినాడు, కుండలు పోయినాయి. అడగడం మాత్రం పోలేదు.

మా హోటళ్లకు జనం రారా అంటే వస్తారు. ఖుస్కా, షేర్వా, పాయా, కీమా పరోటా. రంజాన్ నెలలో సాయంత్రం హలీం గిన్నె చుట్టూ మాకంటే ముందు నిలబడేది హిందూ పిలగాళ్లే. అది చూసి మాకు సంతోషమే. బిర్యానీకి మతం లేదని మాకే చెప్పిపోతారు. నిజమే, బిర్యానీకి లేదు. బిర్యానీ వండినోడు ఇల్లు బాడుగకు అడిగితే అప్పుడు గుర్తుకొస్తుంది మతం. మా చేతివంట లోపలికి పోతుంది, మేం గడప అవతలే ఉంటాం.

ఇంక శ్రీశైలం సంగతి. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కితే మల్లన్న కొండ. 2022 ఏప్రిల్ 4 నుంచి అది మా నంద్యాల జిల్లానే. సాయిబులకు అక్కడేం పని అని అడిగేటోళ్లు ఉన్నారు. 1960లలో మొదలైన డ్యాం పనికి రాళ్లు మోసినోళ్లు, సున్నిపెంట కాలనీలో బతికినోళ్లు, బస్సులు, జీపులు తోలినోళ్లు, పూలూ గాజులూ బొమ్మలూ అమ్మినోళ్లు, వాళ్లలో మావాళ్లూ ఉన్నారు. కొండమీద మాంసం, మందు కూడదంటే మాకేం పేచీ లేదు. గుడికాడ గుడి మర్యాద, దర్గాకాడ దర్గా మర్యాద. ఇది మాకు ఒకరు నేర్పాల్సింది కాదు.

మల్లన్నకు కులం పట్టింపు ఉన్నట్టు కథల్లో కనబడదు. చెంచులు ఆయన్ను తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుస్తారు. ఉగాదికి కన్నడదేశం నుంచి భక్తులు కాళ్లు పుండ్లు పడేలా నడిచి వస్తారు. ఇంతమంది వచ్చేచోట అన్నం దొరకడం కష్టం కాదు. దేవస్థానం వాళ్ల అన్నప్రసాదం ఉంది. అయితే శ్రీశైలానికి అలవాటు పడ్డోళ్లు తినేదీ పండుకునేదీ సత్రాల్లో. బ్రాహ్మణులకు సత్రం, ఆర్యవైశ్యులకు సత్రం, రెడ్లకు సత్రం, కమ్మోళ్లకు సత్రం, వెలమలకు సత్రం. ఒక్కో కులం తన పిల్లల్ని అన్నం పెట్టి చూసుకుంటుంది. అక్కడ ఊరిమనిషిలా తినడమంటే తన కులపోళ్ల బంతిలో కూర్చోడమే.

ఒకసారి మేం నలుగురం చీకటిపడే వేళకు కొండ చేరినాం. రాత్రి తొమ్మిది దాటితే అడవిదారి మూసేస్తారు, వెనక్కు తిరిగే వీల్లేదు. ఒక సత్రం ముందర భోజనాల గంట కొడుతుంటే అడిగినాం. గుమాస్తా మర్యాదస్తుడే. “రాండి అన్నా, మీరేమిట్లు?” అన్నాడు.

“దూదేకులోళ్లం.”

“అంటే?”

“సాయిబులమే అన్నా.”

ఆయన తిట్టలేదు, కసురుకోలేదు. రిజిస్టరు మూసి, “ముందర హోటలుంది, పోయి తినండి” అన్నాడు. హోటల్లో ఇడ్లీ తిన్నాం, డబ్బులిచ్చినాం, కడుపు నిండింది. పోయింది నాలుగు ముద్దల అన్నం కాదు. ఇంతమందికి ఇన్ని గడపలున్న కొండమీద మేం ఏ లెక్కలోకీ రామని తెలిసింది. ఆ ప్రశ్న ముందర మాలమాదిగలు మాకంటే వందల ఏండ్ల ముందునుంచే నిలబడి ఉన్నారని కూడా ఆ రాత్రి గుర్తుచేసుకున్నాం.

తినే గడప సంగతి అట్లుంటే, అమ్ముకునే గడపకూ వచ్చింది. 2015 నవంబరులో దేవాదాయ శాఖ జీవో 426 ఇచ్చింది. దేవాలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని. 2019లో శ్రీశైలం దుకాణాల మీద గొడవ లేచింది, చలో శ్రీశైలం అని పిలుపులిచ్చినారు, వేలం ఆగింది. ఏండ్ల తరబడి అక్కడ అంగళ్లు పెట్టుకున్న ముస్లిం వ్యాపారులు కోర్టుకు పోయినారు. హైకోర్టులో ఓడినారు. సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 17న చెప్పింది, మతం ఒక్కటే కారణంగా ఎవర్నీ వేలం నుంచి తప్పించకూడదని. గుడి దగ్గర మందు, జూదం వద్దంటే అర్థముంది గానీ హిందువు కానోడు పూలూ బొమ్మలూ అమ్మకూడదంటే ఎట్లా అని ధర్మాసనమే అడిగింది.

మేం అడిగేదీ అదే. కరవది షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగనాథుడి గుడిలో మోగింది. సాయిబు ఊపిరి దేవుడికి పనికొచ్చినప్పుడు సాయిబు అమ్మిన మూర పూలు ఎందుకు మైల పడతాయి?

ఇది మా ఒక్క కొండ కథ కాదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో హోటళ్లోళ్లంతా యజమాని పేరు బోర్డుమీద రాయాలని హుకుం జారీ అయింది. ఎందుకో అందరికీ తెలుసు. జులై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఏం వండుతున్నారో చెప్తే చాలు, ఎవరు వండుతున్నారో చెప్పమని బలవంతం చేయొద్దని. ఆ ధర్మాసనంలో మన మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.భట్టి ఉన్నారు. కేరళలో హిందువు నడిపే శాకాహార హోటలు, ముస్లిం నడిపే శాకాహార హోటలు రెండూ ఉంటే, శుభ్రం చూసి తాను ముస్లిం హోటలుకే పోయేవాణ్ణని ఆయన విచారణలో చెప్పినారు. రాయలసీమ మనిషి నోటినుంచి ఆ మాట రావడం మాకు కొండంత ధైర్యం.

ఇంత మాట్లాడేటప్పుడు మా ఇంటి సంగతి దాచుకోడం న్యాయం కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఒకే పళ్లెంలో తినడం ఇస్లాం గొప్పతనమని చెప్పుకుంటాం. అదే దస్తర్‌ఖాన్ మీద పక్కన కూర్చున్న సయ్యదుల పెద్దాయన, “మీరు దూదేకులా? ఉర్దూ రాదా?” అని నవ్వుతాడు. అన్నం దగ్గర కలుపుకుంటాడు, పిల్లనిచ్చే దగ్గర కలుపుకోడు. హిందువుకు మేం తురకలం, తురకకు మేం సగం హిందువులం. సర్కారుకు బీసీ-బి. అందుకే “మీరేమిట్లు” అనే ప్రశ్న ఏ భాషలో అడిగినా మాకు అర్థమవుతుంది.

మాకు వేరే సత్రం కట్టుకుంటే సరిపోదా అంటారు కొందరు. కట్టుకోవచ్చు. చందాలెత్తితే రెండేండ్ల పని. కొండమీద ఇంకొక గడప లేస్తుంది, ఇంకొక గుమాస్తా వస్తాడు, ఇంకొక రిజిస్టరు తెరుస్తాడు. రేపు ఏ చెంచుపిల్లోడో ఆకలితో మా గడపకు వస్తే మావాడూ అదే ప్రశ్న అడుగుతాడు. మాకు అది వద్దు.

మేం పేరు మార్చుకోం. హుస్సేనప్ప హుస్సేనప్పగానే ఉగ్గాని తింటాడు, మస్తానమ్మ మస్తానమ్మగానే పూలు అమ్ముతుంది. ఆకలిగొన్నోణ్ణి “అన్నం తిన్నావా?” అని అడగడం ఈ సీమ మర్యాద. ఆ ప్రశ్న తర్వాత ఇంకొక ప్రశ్న ఉండకూడదు. మేం కోరేది అంతే.