ఏడవ మాసమునకు ముందు

గర్భోపనిషత్తు చాలా చిన్న గ్రంథం. పిప్పలాద మహర్షి పేర సంప్రదాయంలో నిలిచిన ఈ ఉపనిషత్తును ఒక్క కూర్పున కూర్చుండి పారాయణ చేయవచ్చును. దేహం పంచభూతాత్మకమని ఆరంభించి, షడ్రసాలను, సప్తధాతువులను చెప్పి, శుక్రశోణిత సంయోగం నుండి శిశువు క్రమంగా ఎట్లు పెరుగునో వర్ణించుచున్నది. ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, పక్షానికి పిండం, మాసానికి కాఠిన్యం. రెండవ నెలలో శిరస్సు, మూడవ నెలలో పాదాలు, ఆరవ నెలకు ముక్కు, కన్నులు, చెవులు. ఏడవ నెలలో జీవునితో సంయోగం. తొమ్మిదవ నెలలో పూర్వజన్మల స్మరణ, "ఈ యోనిద్వారం దాటితినా, ఇక పరమాత్మనే ఆశ్రయింతును" అను తీరున ఒక పరితాపం. జనించిన క్షణంలో వైష్ణవ వాయువు సోకి సర్వం విస్మృతమగును.

నేను ముప్పది సంవత్సరాలు కళాశాలలో జంతుశాస్త్రం బోధించినవాడను. పిండోత్పత్తి పాఠానికి మాకు ఆధారం కోడిగ్రుడ్డు. 24 గంటల పిండం, 33 గంటల పిండం, 48, 72 అని గాజుపలకలు వరుసగా పెట్టెలో ఉండెడివి. 33 గంటల పలకపై హృదయం వంపు తిరుగుచున్న ఒక గొట్టం మాత్రమే. రమారమి ఆ వయస్సులోనే అది స్పందించుట మొదలుపెట్టును. మానవ పిండంలో ఆ స్పందన ఫలదీకరణానంతరం 22వ రోజు ప్రాంతమున ఆరంభమగును. మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం 28వ రోజునాటికి మూసుకొనును. ఎనిమిది వారాలకు ప్రధానావయవాలన్నింటికి పునాది పడియుండును. అప్పటికి శిశువు పొడవు మూడు సెంటీమీటర్లు మాత్రమే.

ఈ లెక్కను ఉపనిషత్తు లెక్క ప్రక్కన పెట్టినచో రెండును సరిపోలవు. సరిపోలునని వాదించువారున్నారు. మహర్షులకు సూక్ష్మదర్శిని వంటి దివ్యదృష్టి కలదని, ప్రతి రోజు లెక్క సరిగా ఉన్నదని వ్రాయుదురు. శ్రీమద్భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు దేవహూతికి చెప్పిన క్రమంలో ఐదు రాత్రులకు బుద్బుదమని ఉన్నది; ఐదవ రోజు పిండం నిజంగానే లోపల ద్రవం నిండిన బుడగ వలె ఉండును. ఈ సామ్యం చూచి నాకును ముచ్చట కలిగినది. కాని అదే గర్భోపనిషత్తు దేహంలో అస్థులు 360 అనుచున్నది. వయోజనుని అస్థులు 206. ఒకదానిని పట్టుకొని మురిసి, మరియొకదానిని దాచుట జిజ్ఞాసువునకు తగదు. మన పూర్వులే అట్లు చేయలేదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో గర్భంలో ముందుగా ఏ అంగం పుట్టునను చర్చ కలదు. శౌనకుడు శిరస్సనెను, కృతవీర్యుడు హృదయమనెను, పరాశరుడు నాభి యనెను, మార్కండేయుడు కాలుసేతులనెను. ధన్వంతరి అందరి మాటలు కాదని, అన్నియు ఒకేసారి పుట్టును, సూక్ష్మములగుటచే కానరావు, లేత మామిడికాయలో టెంక, పీచు వేరుగా కానరానట్లు, అని తేల్చెను. ఋషుల పేర్లతోనే వారి మతాలను ఖండించిన ధైర్యమది.

ఇదంతయు నాకు పుస్తకజ్ఞానంగానే ఉండిపోయెడిది. కొన్నేండ్ల క్రితం నా మేనకోడలికి మూడవ నెలలో గర్భస్రావమైనది. స్కానింగులో గుండె చప్పుడు లేదని చెప్పిరట. పరామర్శకు వచ్చిన పెద్దముత్తైదువ ఒకరు, సదుద్దేశంతోనే, "ఏడో నెల వస్తే గానీ జీవుడు రాడమ్మా. శాస్త్రంలోనే ఉంది. అది ఉత్త పిండమే, దానికోసం ఏడవకూడదు" అని ఓదార్చినది. అందరు వెళ్ళిన పిమ్మట ఆ పిల్ల నా వద్దకు వచ్చి, "మామయ్యా, నువ్వు రెండూ చదివావు కదా. ఆ మూడు నెలలూ నా కడుపులో ఎవరూ లేరా?" అని అడిగినది.

వెంటనే చెప్పదగిన సమాధానం కాదది. గ్రంథాలు తెరచితిని.

భాగవతంలో కపిలుని మాట స్పష్టంగా ఉన్నది. దేహప్రాప్తి కొరకు జీవుడు కర్మవశమున, దైవప్రేరణచే, పురుషుని రేతఃకణమును ఆశ్రయించి స్త్రీ గర్భమున ప్రవేశించుచున్నాడు. అనగా కలలమునకు ముందే జీవుడున్నాడు. ఏడవ నెలలో అతనికి కలుగునది జ్ఞానం. పోతన తెనుగు భాగవతంలోను ఈ ఘట్టం కలదు. చరకుడు మరింత సూటిగా చెప్పెను: శుక్రశోణితములు గర్భాశయంలో కలిసినప్పుడు మనస్సుతో కూడిన జీవుడు అవతరించినచో గర్భమేర్పడును. తల్లి, తండ్రి, ఆత్మ, సాత్మ్యం, రసం, మనస్సు, ఇన్ని కూడినగాని గర్భం లేదని ఆత్రేయుడు చెప్పగా, భరద్వాజుడు కాదని వాదించును. ఆత్రేయుడు ఒక్కొక్కదానికి ప్రత్యుత్తరమిచ్చును. ఈ వెలుగులో చూచినచో గర్భోపనిషత్తు చెప్పిన ఏడవ నెల సంయోగం ఆగమనం కాదు, జాగరణం అని నాకు తోచినది. ఇది నా అన్వయం మాత్రమే. అక్షరార్థమునే గ్రహించువారితో వివాదము లేదు.

మరియొక విషయం. ఆ ఉపనిషత్తు ముముక్షువును ఉద్దేశించినది. ఇంత కష్టపడి వచ్చిన దేహమును వ్యర్థపుచ్చకుమని హెచ్చరించుటకే ఆ మాసక్రమం. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ముందు దానిని తీర్పువలె చదువుట ఔచిత్యము కాదు. ఐతరేయోపనిషత్తులో గర్భప్రకరణం పఠించునపుడు గర్భిణులు ఆవలికి వెళ్ళుదురుగాక యని ముందే చెప్పి, ముగిసిన పిదప తమ స్థానములకు రమ్మని పిలుచు ఆచారం కలదు. ఏ మాట ఎవరి చెవిన పడవలెనో ఎరిగిన సంప్రదాయమది.

ఆమెకు నేను చూపినది చరకుని మూడవ నెల. ఆ నెలలో సర్వేంద్రియాలు, సర్వాంగాలు ఒక్కసారిగా ఏర్పడుననియు, అప్పుడే శిశువు మనస్సులో వేదన, స్పందన, కోరిక కలుగుననియు ఆయన చెప్పెను. శిశువు హృదయం తల్లి హృదయంతో రసవాహినులచే ముడిపడియుండును గనుక ఆ స్త్రీకి 'ద్విహృదయ' యని పేరు. మనము వాడు 'దోహదం' అను మాట అక్కడినుండి వచ్చినదేనని వ్యుత్పత్తి చెప్పుదురు. సుశ్రుతుడు దీనిని నాలుగవ నెలలో పెట్టెను. నా మేనకోడలికి మాత్రం చరకుని లెక్కయే కావలసివచ్చినది. "అంటే రెండు గుండెలు ఉండేవి" అన్నది. ఉండెడివంటిని. శిశువు కణములు కొన్ని తల్లి రక్తంలో చేరి, దశాబ్దాల తరువాత కూడ కనిపించినవని శాస్త్రజ్ఞులు గుర్తించిన సంగతియు చెప్పితిని. ఆమె చాలాసేపు మాటలాడలేదు.

తరువాత ఆమె జననం గురించి అడిగినది. తనకు జరుగనిదానిని గురించి. గర్భంలో శిశువు ఊపిరితిత్తులు ద్రవంతో నిండియుండును. ప్రాణవాయువు మావినుండి బొడ్డుతాడు ద్వారా వచ్చును. హృదయపు పై గదుల మధ్య ఒక రంధ్రముండి, రక్తములో కొంతభాగం ఊపిరితిత్తులకు పోకుండ ఈవలినుండి ఆవలికి దాటును. మొదటి శ్వాస లోనికి పోగానే పీడనం మారి, ఆ రంధ్రంపై పొర తలుపువలె మూసుకొనును. గర్భోపనిషత్తు విస్మృతికి వాయుస్పర్శనే కారణంగా చెప్పినది. రెండును ఒకటేనని నేననను. కాని బయటి గాలి తగిలిన క్షణమే ఒక తలుపు మూసుకొనునని ఇటువారును అటువారును చెప్పుట ఆమెకు నచ్చినది.

"మరి నేనేం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదా?" అన్నది. మనుస్మృతిలో ఒక విధి కలదు: గర్భస్రావమైనచో ఎన్ని మాసముల గర్భమో తల్లికి అన్ని రాత్రుల ఆశౌచం. ఆశౌచమనగానే నేటివారికి అంటు, మైల మాత్రమే స్మరణకు వచ్చును. నాకు అందులో లెక్క కనిపించినది. ఒక్క నెల గర్భానికి సైతం ధర్మశాస్త్రం ఒక రాత్రిని కేటాయించినది. ఏడు నెలలు నిండువరకు అక్కడ ఎవరును లేరని తలచినచో ఆ లెక్క అవసరమే లేదు.

ఆస్పత్రినుండి వచ్చి అప్పటికి పది దినములు దాటినవి. శాస్త్రరీత్యా కాలం మించినది. నేనది చెప్పలేదు. ఆమె పెరటిగదిలో మూడు రాత్రులు ఒంటరిగా పడుకొనెను. నాలుగవనాడు ఉదయం మా అక్క నీళ్ళు కాచి, తానే ఆమెకు తలంటిపోసినది.