ఊరి వీధిలో విమానం

నాలుగు దేశాల్లో తయారైన ముక్కలు ఇరుకు సందుల్ని కూడా దాటుకుని క్షేమంగా చేరాయి. కంప్యూటర్లో లెక్కలు మాత్రం కలవలేదు. ఎ380 నడిచిన దారి కథ ఇది.

ఫ్రాన్స్‌కి నైరుతి మూలన టులూజ్ ఉంది. లేత ఎర్ర ఇటుకల ఇళ్ల వల్ల దానికి ‘గులాబీ నగరం’ అని పేరు. ఆ నగరానికి కాస్త దూరంలోనే లెవిన్యాక్ అనే చిన్న ఊరు. అటూ ఇటూ పాతకాలం ఇళ్లు, మధ్యలో ఇరుకు వీధి. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల విమానం ఆ వీధిలోంచే వెళ్లేదంటే నమ్మగలరా? ఎగురుతూ కాదు, లారీల మీద!

ఎయిర్‌బస్ ఎ380 ఒక్కచోట పుట్టలేదు. రెక్కలు బ్రిటన్‌లోని బ్రాటన్‌లో, వెనక భాగం జర్మనీలోని హాంబర్గ్‌లో, తోకకు అటూ ఇటూ ఉండే చిన్న రెక్కలు స్పెయిన్‌లోని కాడిజ్ దగ్గర, ముందు భాగం ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్‌లో సిద్ధమయ్యేవి. అన్నీ ఓడలెక్కి బోర్డో దగ్గరున్న పోయాక్ రేవుకు చేరేవి. అక్కణ్నుంచి పడవల మీద గరోన్ నదిలో ప్రయాణం. బోర్డోలో 1822 నాటి రాతి వంతెన ఉంది. ఆటుపోట్లు చూసుకుని, సరైన వేళకే దాని కమాను కిందుగా దాటాలి. లాంగోన్ రేవులో దిగాక దాదాపు 240 కిలోమీటర్ల రోడ్డు. బారులు తీరిన ట్రెయిలర్లు పోలీసు కాపలాతో రాత్రుళ్లు మాత్రమే కదిలేవి. లెవిన్యాక్‌లో గోడకీ విమానం ముక్కకీ మధ్య సందు దాదాపు అరమీటరే. ఆ వింత చూడటానికి జనం వీధుల్లోకి వచ్చేవాళ్లు.

ఓడ, పడవ, లారీ... అన్నిటికీ ఒకటే కొలత, ఒకటే వేళ. అందుకే అంత పెద్ద ముక్కలు ఇబ్బంది లేకుండా టులూజ్ చేరాయి. మరి చిక్కెక్కడ వచ్చింది?

చాలని తీగ

ఒక్కో ఎ380లో విద్యుత్ తీగల పొడవు 500 కిలోమీటర్ల పైమాటే. హాంబర్గ్ నుంచి వచ్చిన తీగల కట్టల్ని టులూజ్‌లో బిగించబోతే కొన్నిచోట్ల పొడవు చాలలేదు. జర్మనీ, స్పెయిన్ ఇంజినీర్లు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ వాడారు. ఫ్రాన్స్, బ్రిటన్ వాళ్లు కొత్తది వాడారు. ఒకరి బొమ్మ రెండోవారి తెరమీదకు పూర్తిగా రాలేదు. పెళ్లివంటకు వంటాయన సేర్లలో రాసిచ్చిన సామాన్ల జాబితాను కొట్టువాడు కిలోలుగా చదువుకుంటే ఏమవుతుంది? అదే అయింది.

వందలమంది జర్మన్ పనివాళ్లు టులూజ్ వచ్చి, తీగల్ని చేత్తో సరిచేయాల్సి వచ్చింది. 2006 జూన్‌లో ఆలస్యం సంగతి బయటపడగానే, ఎయిర్‌బస్ మాతృసంస్థ ఈఏడీఎస్ షేరు ఒక్కరోజులో 26 శాతం పడిపోయింది. అక్టోబరుకల్లా ఆలస్యం దాదాపు రెండేళ్లకు చేరింది. దానివల్ల 2010 వరకూ లాభాల్లో 480 కోట్ల యూరోలు తగ్గుతాయని కంపెనీయే లెక్కగట్టింది. సరుకు రవాణా విమానాల కోసం ఇచ్చిన ఆర్డర్లను ఫెడెక్స్, యూపీఎస్ వెనక్కి తీసుకున్నాయి. 2007 ఫిబ్రవరిలో ప్రకటించిన పొదుపు పథకంలో పదివేల ఉద్యోగాల కోత! తీగ తగ్గింది కొద్దిపాటి పొడవే. దెబ్బ తగిలింది మాత్రం వేల ఇళ్లకు.

‘పూర్తయింది’ అంటే?

బొమ్మలకే కాదు, తేదీలకూ ఖర్చులకూ ఇదే తంటా. వందల కంపెనీలు కలిసి చేసే పనిలో ‘పని పూర్తయింది’ అని ఒకరంటే, డిజైన్ గీయడం అయిందని అర్థం. అదే మాటకు ఇంకొకరి దగ్గర సరుకు బయల్దేరిందని అర్థం. ఒకరు వారాల్లో లెక్కేస్తే మరొకరు నెలల్లో. ఈ పట్టికలన్నీ ఒకచోట పేర్చి చూసే పెద్ద కంపెనీకి అంతా బాగున్నట్టే ఉంటుంది. జరగరానిది జరిగేదాకా!

అందుకే అందరూ ఒకే నమూనాలో లెక్క చెప్పాలన్న పట్టుదల పెరిగింది. ఐరోపా విమాన పరిశ్రమలోని పెద్ద కంపెనీలు కలిసి 2011లో ‘బూస్ట్ ఏరోస్పేస్’ను పెట్టుకున్నాయి. ఆర్డరు ఎంత, సరుకు ఎప్పుడొస్తుంది వంటి వివరాలు చిన్న సరఫరాదారు నుంచి పెద్ద కంపెనీ దాకా ఒకే పద్ధతిలో నడవాలన్నది ఉద్దేశం. అమెరికా రక్షణశాఖ అయితే 2020లో పెద్ద కాంట్రాక్టుల ఖర్చు, షెడ్యూలు వివరాల కోసం కంప్యూటర్ నేరుగా చదువుకోగల ఒకే నమూనా ఫైళ్లను తెచ్చింది.

ఈ సంగతితో మనకూ చుట్టరికముంది. ఎయిర్‌బస్ సీ295 సైనిక రవాణా విమానం భాగాలు హైదరాబాద్‌లోని టాటా యూనిట్లో తయారై గుజరాత్‌లోని వడోదరకు చేరతాయి. విమానంగా కూర్చేది అక్కడే. హైదరాబాద్‌లో వేసిన రంధ్రంలో వడోదర బోల్టు సరిగ్గా కూర్చోవాలంటే రెండుచోట్లా చదివే కాగితం ఒకటే కావాలి.

చూడాలంటే...

ఎ380 విడిభాగాల చివరి బారు 2020 జూన్‌లో ఈ దారిన వెళ్లింది. 2021 డిసెంబరులో ఆఖరిది ఎమిరేట్స్‌కు అందడంతో తయారీ ముగిసింది. మొత్తం 251 విమానాలు. టులూజ్ నుంచి ట్రామ్ ఎక్కితే బ్లన్యాక్‌లోని ఏరోస్కోపియా మ్యూజియం దగ్గరే. అక్కడ నిలిపి ఉంచిన ఎ380 లోపలికి వెళ్లి చూడొచ్చు. పిల్లలు తప్పకుండా రెక్కల వైపే చూస్తారు. పెద్దవాళ్లు మాత్రం ఆ గోడల వెనక దాగిన తీగల్ని ఒక్కసారి తలచుకోవాలి.